దొరగారి మేడలో కొలవని సగం

మా శాఖలో కొత్తగా చేరిన కుర్ర ఇంజనీర్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, మీ సర్వీసులో మీరు కట్టించిన వాటిలో గొప్పదేదండీ?" అని అడుగుతుంటారు. పెద్దవాణ్ణి కదా అని మర్యాదకి అడిగే ప్రశ్న. నేను కట్టించినవి కల్వర్టులు, పంచాయతీ ఆఫీసులు, ఒక పశువుల ఆసుపత్రి. ఆ ఆసుపత్రికి ఏటవాలు దారి పెట్టడం మరిచిపోయి మెట్లు కట్టించాను. ఎక్కలేక గేదెలు చాలాకాలం వాకిట్లోనే సూదులు వేయించుకున్నాయి. అందుకని కట్టించిన వాటి గురించి నేను మాట్లాడను. కూల్చబోయినదాని గురించి అడిగితే చెబుతాను.

అది రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళు ఉందనగా జరిగింది. అప్పుడు అమలాపురం ఆఫీసులో అసిస్టెంటు ఇంజనీరుని. డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, పరీక్షలు రాసుకుంటూ పైకొచ్చినవాణ్ణి కాబట్టి నా చేతి గీత మీద నాకు మహా నమ్మకం. మిగతావాళ్ళంతా కంప్యూటర్లలో గీస్తుంటే నేను ఇంకా ట్రేసింగు కాగితం, ఇంకు పెన్నుతోనే గీసేవాణ్ణి. "మీ డ్రాయింగు పెళ్ళి శుభలేఖలా ఉంటుందయ్యా" అని మా పై అధికారి, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఈఈ గారు ఒకసారి అన్నారు. ఆయన మెచ్చుకున్నారో, పనికిరాదన్నారో అప్పట్లో ఆలోచించలేదు. మెచ్చుకున్నారనే అనుకుని ఊళ్ళో పదిమందికి చెప్పాను.

గౌతమి ఒడ్డున ఒక ఊళ్ళో దొరగారి మేడ అని ఒకటుంది. ఊరి పేరు చెప్పను. ఇప్పటికీ అటు వెళ్తే టీ ఇస్తారు, అది పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. ఏటికి అవతల యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న కాలంలో, ఆ దేశపు ప్రభు వంశంలో పుట్టిన దొర ఒకాయన గుడ్డల వ్యాపారం మీద వచ్చాడనీ, ఇవతలి ఒడ్డు నచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడనీ ఊళ్ళో చెప్పుకుంటారు. ఇందులో చరిత్ర ఎంతో, అరుగు మీద కబురు ఎంతో నేను తేల్చలేను. ఇల్లు మాత్రం ఫ్రెంచి పద్ధతిలోదే. మన జమీందార్ల ఇళ్ళు వీధిలోకి స్తంభాలు చూపించి గొప్ప చెప్పుకుంటాయి. ఈ ఇల్లు వీధికి ఏమీ చూపించదు. ఎత్తైన గోడ, బండి పట్టే దర్వాజా, అంతే. దర్వాజా దాటితే రాతి పలకలు పరిచిన వాకిలి, దానికి ఒక పక్క గుర్రాల కొట్టం, ఇంకో పక్క వంటశాల, ఎదురుగా రెండంతస్తుల మేడ. మేడ వెనక తోట, తోట వెనక ఏరు. ఆ దేశపు ప్రభువులు పట్నంలో ఇల్లు కట్టుకుంటే వాకిలికీ తోటకీ మధ్యన ఇలాగే కట్టుకునేవారట.

లోపల నడిమి హాల్లో నిలబడితే ఎడమ పక్క గదులూ కుడి పక్క గదులూ వరసగా కనిపిస్తాయి. తలుపులన్నీ ఒకదానికొకటి తిన్నగా ఉంటాయి. రూపం దొర దేశానిదే గానీ సామానంతా మనది. గుల్ల సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు పోసి గానుగాడించిన గచ్చు, భద్రాచలం వైపు అడవుల నుంచి గోదావరిలో తేలుతూ వచ్చిన టేకు దూలాలు. కట్టిన చేతులూ మనవే. ఈ చివరి మాట నాకు ఆలస్యంగా తట్టింది. అది తట్టడానికి ముందు నేను చేసిన ఘనకార్యమే ఇప్పుడు చెప్పబోయేది.

దొర పోయాక ఆ మేడ ఒక జమీందారుకీ, ఆయన తరవాత ఒక క్రైస్తవ మిషనుకీ, చివరికి ఒక ఆడపిల్లల బడికీ వచ్చింది. అరవై మంది దాకా పిల్లలు. ఒక తుఫానుకి పైఅంతస్తు గచ్చు బీటలు వారింది. చూసి వెళ్ళిన అధికారులు, బాగు చేయిస్తే సరే, లేకపోతే వచ్చే ఏడాది పిల్లల్ని వేరే ఊరి బడిలో కలిపేయండి అని రాశారు. బాగు చెయ్యడానికి మంజూరు వచ్చింది. దానికి ఒక షరతు పెట్టారు. ముందు ఇల్లంతా కొలిచి డ్రాయింగు వెయ్యాలి, ఏ గోడ ఉంచాలో ఏది తీయొచ్చో అందులో చూపించాలి. ఈఈ గారు ఆ పని నాకిచ్చారు. పెళ్ళి శుభలేఖ సంగతి గుర్తుండే ఇచ్చి ఉంటారు.

ఆ బడిలో పనిచేసి రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారు కమిటీ తరఫున అన్నీ చూసుకునేవారు. డెబ్భై దాటినావిడ. తెల్లచీర, గొడుగు, మాట మెత్తన. మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి, "ఇంజనీరు గారూ, ఒక్క మాటండి. మా పిల్లల్లో సగం మందిని ఇంట్లోవాళ్ళు వేరే ఊరు పంపరండి. బడి మారితే చదువు మానిపించేస్తారు. ఈ మేడ నిలబెడితే ఆ పిల్లలు నిలబడతారండి" అన్నారు.

"మీరు నిశ్చింతగా ఉండండి మేడమ్ గారూ. నా డ్రాయింగులో ఇంతవరకు తప్పు రాలేదండి" అన్నాను.

పశువుల ఆసుపత్రి సంగతి ఆవిడకి తెలియదు.

కొలవడం మొదలుపెట్టాను. వాకిలి, కొట్టాలు, నడిమి హాలు, ఎడమ పక్క పెద్ద గది, దాని చివర అర ఇటుక మందాన సన్నటి గోడ, ఆ గోడలో తలుపు, తలుపు అవతల ఒక చిన్న గది. మూడు రోజులు పట్టింది. మా ఆఫీసు అటెండరు టేపు రెండో కొస పట్టుకునేవాడు. అదే సమయంలో అమలాపురంలో ఒక కాలేజీ లైబ్రరీ నుంచి ఫ్రెంచి ప్రభువుల ఇళ్ళ మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తెచ్చుకుని రోజుకి పది పేజీలు చదివేవాణ్ణి. మూడో రాత్రికి, ఆ ప్రభువులు ఇంటిని అద్దంలో చూసినట్టు రెండు పక్కలా ఒకేలా కట్టించుకునేవారు అనే అధ్యాయం అయింది. నాకు కొమ్ములు మొలిచాయి.

నాలుగో రోజు పొద్దున్నే కొత్తపేట నుంచి మా పెద్దవదిన గారు ఫోన్ చేసి, "మజ్జాన్నం భోజనానికి రండి మరిదిగారూ, ఆవపెట్టి పనసపొట్టు కూర చేస్తున్నాను" అన్నారు. పదింటికి మేడ కుడి పక్కకి వెళ్ళాను. నడిమి హాల్లోంచి చూశాను. అటు పెద్ద గది, ఇటు పెద్ద గది. అటు చివర తలుపు, ఇటు చివర తలుపు. అటు తలుపు ఎంత ఎత్తో ఇటు అంతే, చెక్కడం కూడా అదే. ఇటు తలుపు మూసి ఉంది. తోశాను, కదల్లేదు. ఆ చివరి గదిలోకి వెళ్ళాలంటే వెనక వసారాలోంచి వెళ్ళాలి. వసారా నిండా విరిగిన బెంచీలు గుట్టగా పోసి ఉన్నాయి. అవి జరిపిస్తే మధ్యాహ్నం రెండవుతుంది.

హెడ్మిస్ట్రెస్ గారు మేడ మీదినుంచి దిగివచ్చి, "అటు గది కూడా చూసేరా అండీ?" అని అడిగారు.

"అక్కర్లేదండి మేడమ్ గారూ. ఫ్రెంచివాళ్ళ ఇళ్ళు రెండు పక్కలా ఒకేలా ఉంటాయండి. అది వాళ్ళ శాస్త్రం" అని పావుగంట సేపు పుస్తకంలో చదివినదంతా ఆవిడకి పాఠం చెప్పాను. ముప్పై ఏళ్ళకి పైగా పాఠాలు చెప్పినావిడ ఎంత ఓపిగ్గా విన్నారో. చివరికి, "ఒకసారి చూస్తే బాగుంటుందండీ" అని మాత్రం అన్నారు. నేను చేతి గడియారం చూసుకున్నాను.

కూర అద్భుతంగా ఉంది. ఆ మాట కూడా చెప్పకపోతే మా వదిన గారికి అన్యాయం చేసినట్టవుతుంది.

ఆ వారమే డ్రాయింగు పూర్తి చేశాను. ఎలా పూర్తి చేశానో చిన్నవాళ్ళు జాగ్రత్తగా వినాలి. ట్రేసింగు కాగితాన్ని నడిమి గీత దగ్గర తిరగేసి, గీసిన ఎడమ సగాన్నే కుడి సగంగా దించేశాను. డ్రాఫ్ట్స్‌మన్లందరికీ తెలిసిన విద్యే ఇది. ఇంకా కట్టని ఇంటికి వాడే విద్య. రెండు వందల ఏళ్ళుగా నిలబడి ఉన్న ఇంటికి వాడకూడదు. ఇల్లు మన కాగితం చూసి తన గోడలు సర్దుకోదు.

డ్రాయింగు కింద, "కొలిచినది, గీసినది" అని రెండు చోట్లా నా సంతకమే పెట్టాను. ఈఈ గారు దాన్ని పటం కట్టించి తన గదిలో తగిలించారు. ఆ ఊపులో ఒక కాలేజీవాళ్ళు నన్ను పిలిచి ఉపన్యాసం ఇమ్మన్నారు. ఫ్రెంచి ప్రభువుల గృహ నిర్మాణం గురించి గంటంబావు మాట్లాడాను. శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పటికీ ఉంది, మా ఆవిడ దాన్ని గ్రైండరు మీద కప్పుతుంది.

వేసవి సెలవుల్లో పని మొదలైంది. రెండు పెద్ద గదుల్నీ వాటి చివరి చిన్న గదుల్తో కలిపి వెడల్పాటి క్లాసు రూములు చెయ్యాలని నిర్ణయం. అంటే రెండు పక్కలా ఉన్న సన్నగోడలు తీసెయ్యాలి. నా డ్రాయింగులో రెండు గోడల మీదా "తీసివేయదగినది" అని అందంగా రాసి ఉంది.

సున్నపు పని తెలిసినవాళ్ళు ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. కంట్రాక్టరు అంతర్వేది వైపు నుంచి ఒక ముసలి మేస్త్రీని పట్టుకొచ్చాడు. బక్కపల్చటి మనిషి, మాట్లాడేది తక్కువ. వచ్చిన రోజు మేడ చుట్టూ రెండుసార్లు తిరిగి, ఒక్కో గోడ మీదా అరచేత్తో తట్టి చూశాడు. నాకు నవ్వొచ్చింది. "ఏమయ్యా మేస్త్రీ, పుచ్చకాయలు కొంటున్నావా?" అన్నాను. "ఆయ్ బాబుగారండి" అని ఇంకో గోడ తట్టాడు.

ఎడమ పక్క సన్నగోడ రెండు పూటల్లో దిగిపోయింది. పైన దూలం చెక్కుచెదరలేదు. గది వెడల్పై వెలుతురొచ్చింది. హెడ్మిస్ట్రెస్ గారు వచ్చి చూసి సంతోషపడ్డారు. నాకు ఇంకో రెండు కొమ్ములు మొలిచాయి.

ఆ మర్నాడే కుడి గోడ. ఆ సాయంత్రం నాలుగింటికి ఈఈ గారు పని చూడ్డానికి వస్తారని ముందే ఖాయమైంది. ఆయన వచ్చేసరికి రెండు గదులూ విశాలంగా కనిపించాలని నా ఉబలాటం.

పొద్దున్న ముందు తలుపు ఊడదీయించాను. తలుపు వెనక గది లేదు. ఇటుక గోడ ఉంది.

"బాబుగారండీ, తలుపెనకాల గోడుందండి" అన్నాడు మేస్త్రీ.

ఇక్కడే ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ చదువుకున్నవాడికి ప్రతిదానికీ ఒక కారణం దొరుకుతుంది. "ఎప్పుడో మిషనువాళ్ళు తలుపు వాడకుండా ఇటుకతో మూయించి ఉంటారు. అది కూడా కొట్టేయ్" అన్నాను.

మేస్త్రీ గోడ మీద తట్టాడు. ఇంకోచోట తట్టాడు. చెవి పెట్టి విన్నాడు. "నిన్నటి గోడ డొల్లగా పలికిందండి. ఇది పలకట్లేదండి. ఇది బరువు మోస్తాందండి బాబుగారండి" అన్నాడు.

"డ్రాయింగులో ఏముందో చూశావా?"

"నాకు డ్రాయింగు రాదండి."

"మరి నాకు వచ్చు కదా. కొట్టు."

"నేను కొట్టనండి" అన్నాడు. కోపంగా కాదు. భోజనం వద్దన్నంత మెల్లగా అన్నాడు. అని వాకిట్లోకి వెళ్ళి గట్టు మీద కూర్చుని చుట్ట ముట్టించాడు. అతను ముట్టుకోని గోడని మిగతా కూలీలు కూడా ముట్టుకోలేదు.

నాకు ఒళ్ళు మండింది. కంట్రాక్టరు చూస్తున్నాడు, అటెండరు చూస్తున్నాడు. అసిస్టెంటు ఇంజనీరుని, శాలువా కప్పించుకున్నవాణ్ణి, సున్నం కలిపే మనిషి నా డ్రాయింగుని కాదనడమా? ప్యాంటు పైకి మడిచి, గునపం తీసుకుని, పరంజా ఎక్కాను. యాభై ఆరేళ్ళ వయసులో, చక్కెర జబ్బుతో, జేబులో రెండు పెన్నులతో. పైన దూలం కింద ఆనుకుని ఉన్న వరసలో ఒక ఇటుక పెకలించాను. ఇంకోటి. మూడోది కాస్త గట్టిగా ఉంటే గునపం మీద బలమంతా వేశాను.

పైన దూలం కిర్రుమంది. తరవాత ఒక అంగుళం కిందకి దిగింది. అంగుళం అంటే ఎంతో కాగితం మీద నాకు బాగా తెలుసు. నెత్తి మీద అది ఎంతో ఆ రోజు తెలిసింది. సున్నం పొడి నా మీద కురిసింది. కళ్ళల్లో, నోట్లో, చొక్కాలో. పైఅంతస్తులో ఏవో దభేలున పడ్డాయి. నాకు అప్పుడు గుర్తొచ్చింది, హెడ్మిస్ట్రెస్ గారు పైనే ఉన్నారని. పాత అడ్మిషను రిజిస్టర్లు సర్దుకుంటానని పొద్దున్న చెప్పి ఎక్కారు. పరంజా దిగడం కూడా మరిచిపోయి అక్కడే నిలబడ్డాను.

మేస్త్రీ ఎప్పుడు లోపలికొచ్చాడో చూడలేదు. సరుగుడు బాదులు తెమ్మని అరిచిందీ, రెండు నిమిషాల్లో దూలం కింద నాలుగు నిలబెట్టించిందీ అతనే. బాదుల కింద చెక్కలు దోపుతూ, మధ్యలో నన్ను చెయ్యి పట్టుకుని దించాడు. మేడ మీదకి మనిషిని పంపి, "గోడవారగా నడిపించండి, మజ్జిలోకి రానీకండి" అని చెప్పాడు. హెడ్మిస్ట్రెస్ గారు గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగివచ్చారు. తెల్లచీర మీద దుమ్ము. నన్ను చూసి, "మీకేమన్నా తగిలిందా అండీ?" అని అడిగారు. ఆవిడ తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

మేస్త్రీ గోడకి పడిన కన్నంలోంచి లోపలికి చూసి విషయం చెప్పాడు. గోడ మందం రెండడుగులు. ఎడమ పక్క దూలం ఒకటే పొడుగు మాను. ఇక్కడ రెండు పొట్టి దూలాలు, వాటి కొనలు రెండూ ఈ గోడ మీదే ఆనుకున్నాయి. "ఈ పక్క నేల మెత్తనండి. అంత పొడుగు దూలం వేస్తే ఆగదని ఆనాటి మేస్త్రీ మజ్జిలో గోడెత్తేడండి. దొరగారేమో రెండు పక్కలా ఒకలాగుండాలని ఉంటారండి. అందుకని గోడకి ఒట్టి తలుపు అతికించేడండి. దొరగారి ముచ్చట తీరింది, మేడా నిలబడిందండి."

ఆ ఒట్టి తలుపే రెండు వందల ఏళ్ళ తరవాత నన్ను ముంచింది. ఆ రాత్రి ఇంటికెళ్ళి లైబ్రరీ పుస్తకం తెరిచి చూశాను. నేను చదివి ఆపేసిన అధ్యాయం తరవాతిదే, రెండు పక్కలా ఒకేలా కనిపించడానికి ప్రభువులు పెట్టించుకునే దొంగ తలుపుల గురించి. ఏడు పేజీలు. బొమ్మలతో సహా.

అంతకు ముందు, సాయంత్రం సరిగ్గా నాలుగింటికి ఈఈ గారు వచ్చారు. కింద బాదులు, పైన జారిన దూలం, మధ్యలో ఎంత దులుపుకున్నా సున్నం వదలక తెల్లగానే ఉన్న నేను. "ఏం జరిగిందయ్యా?" అన్నారు.

కంట్రాక్టరు గడుసువాడు. "ముసలి మేస్త్రీ సార్. ఎక్కడ కొట్టాలో తెలియకుండా కొట్టేడండి. రేపట్నించి మార్చేస్తానండి" అన్నాడు.

ఇప్పుడు మీరు, నేను ధైర్యంగా నిజం చెప్పేశానని అనుకుంటున్నారేమో. లేదు. "పాత గోడలు కదా సార్, లోపల చెద పట్టి ఉంటుంది. మేస్త్రీ కూడా కొంచెం తొందరపడ్డాడు" అన్నాను. ఇన్నేళ్ళ సర్వీసులో నేను మాట్లాడిన మాటల్లో అంత నీచమైనది ఇంకొకటి లేదు. మేస్త్రీ నా వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు. కాదని అనలేదు. పెద్దవాళ్ళు మాట్లాడుకునే చోట అతను మాట్లాడే అలవాటు లేదు. ఆ అలవాటు చాటునే నేను దాక్కున్నాను.

హెడ్మిస్ట్రెస్ గారు కుర్చీలోంచి లేవకుండానే అడిగారు. "ఇంజనీరు గారూ, ఈ గోడ అవతల గది పొడుగెంతండీ?"

నేను గబగబా డ్రాయింగు విప్పాను. అందులో అంకె ఉంది. ఎడమ గది అంకే అది. చదివితే సరిపోయేది. చదవబోయి ఆవిడ మొహం చూశాను. పరీక్ష హాల్లో పక్క కాగితం చూసి రాసిన పిల్లాణ్ణి పట్టుకున్న టీచరు మొహం. బెత్తం లేదు, కోపం లేదు, సమాధానం కోసం ఎదురుచూస్తున్నారంతే.

"నాకు తెలియదండి" అన్నాను. "ఆ గదిలోకి నేను వెళ్ళలేదండి. కుడి సగం అసలు కొలవలేదు సార్. ఎడమది తిరగేసి వేసేశాను. మేస్త్రీ గారు కొట్టనన్నారు. గునపం వేసింది నేనే. మేడమ్ గారు పైన ఉన్నప్పుడే వేశాను."

ఈఈ గారు నా చేతిలోంచి డ్రాయింగు తీసుకుని చుట్టేశారు. తరవాత, "ఆ డ్రాయింగు నా గదిలో పటం కట్టించి పెట్టేనయ్యా" అన్నారు.

"ఆయ్ సార్" అన్నాను. అలా వచ్చేసింది.

"ఇవాళ బుధవారం. సోమవారం పదింటికి ఇల్లంతా కొలిచిన డ్రాయింగు నా టేబులు మీదుండాలి. ఒక్క గోడ తేడా వచ్చినా, ఇది పిల్లలు కూర్చోడానికి పనికిరాదని నేనే రాసి పంపిస్తాను. నాకు ఇంకో దారి లేదు." ఆ మాట హెడ్మిస్ట్రెస్ గారి వంక చూసి అన్నారు. ఆవిడ తలూపారు. అరవై మంది పిల్లల చదువు ఇప్పుడు అక్షరాలా నా టేపు మీద ఉంది. ఆ టేపుని నేను ఎలా వాడతానో ఆ గదిలో అందరికీ అప్పుడే తెలిసింది కూడా.

అటెండరు సెలవు పెట్టేశాడు. నాతో కనిపించడం అతనికి మంచిది కాదనిపించి ఉంటుంది. టేపు రెండో కొస ఎవరు పట్టుకుంటారా అని చూస్తుంటే హెడ్మిస్ట్రెస్ గారే వచ్చి పట్టుకున్నారు. ప్రతి గోడకీ మేస్త్రీ గారు సన్నటి చువ్వ దోపి మందం చెప్పేవారు. అప్పటికి ఆయన నాకు మేస్త్రీ గారు అయిపోయారు. ఒకసారి క్షమించమని అడగబోయాను. "ఎండెక్కుతాందండి, కానీండి బాబుగారండి" అని చువ్వ తీసుకుని పక్క గోడ దగ్గరికి వెళ్ళిపోయారు. క్షమించారో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. మూడున్నర రోజులు పట్టింది. కుడి పక్కలో ఎడమ పక్కతో సరిగ్గా కలిసిన కొలత ఒక్కటీ లేదు.

సోమవారం డ్రాయింగు ఇచ్చాను. ఈఈ గారు స్వయంగా వచ్చి, అక్కడక్కడ టేపు వేయించి సరిచూసుకున్నారు. ఆ రెండడుగుల గోడ ఉంచేశారు, దూలం ఎత్తి కూర్చోబెట్టారు. జూన్‌లో కాకపోయినా జూలైలో పిల్లలు పైఅంతస్తు ఎక్కారు. బడి ఇవాళ్టికీ అక్కడే నడుస్తోంది. నాకు మెమో వచ్చింది, జవాబు రాసుకున్నాను. పాత పటం తీయించేయండి సార్ అని బతిమాలితే, ఈఈ గారు తీయించి, హాల్లో నా సీటుకి ఎదురుగా తగిలించారు. రిటైరయ్యే రోజు దాకా దాన్ని చూస్తూనే టీ తాగాను.

ఆ మూడున్నర రోజుల్లో మొదటి పొద్దున సంగతి ఒకటి మిగిలింది. ఇది ఉపన్యాసాల్లో చెప్పను.

గురువారం పొద్దున వసారాలో బెంచీలు జరిపించి గోడ అవతల చిన్న గదిలోకి వెళ్ళాం. తోట వైపు ఒక్క కిటికీ. గచ్చు అరిగిపోయి గుంటలు పడి ఉంది. హెడ్మిస్ట్రెస్ గారు టేపు కొస పట్టుకుని అటు గోడ దగ్గర నిలబడ్డారు. నేను ఇటు. పదకొండడుగుల మూడంగుళాలు. తొమ్మిదడుగుల ఎనిమిదంగుళాలు.

"ఇక్కడేనండి మిషనువాళ్ళు మావాళ్ళ పిల్లలకి మొదట బడి పెట్టింది" అన్నారావిడ. "పెద్ద గదుల్లో పెద్ద కులాల పిల్లలు కూర్చునేవారు. వాళ్ళ ముందునించి రాకూడదని మావాళ్ళని ఏటి వైపునించి తోటలోకి, తోటలోంచి వసారాలోకి తీసుకొచ్చేవారంట. మా అమ్మ ఈ గదిలోనే అక్షరాలు దిద్దిందండి. వాళ్ళ నాన్న పాలేరు. వాళ్ళింట్లో సంతకం పెట్టడం వచ్చిన మొదటి మనిషి ఆవిడే. మీరొచ్చిన నాలుగో రోజు ఈ గది చూపిద్దామనుకున్నానండి. మీరు తొందర మీదున్నారు."

నేను మొదటి డ్రాయింగుతో పాటు ఆ మేడ చరిత్ర మీద ముప్పై పేజీల నివేదిక కూడా రాసిచ్చాను. అందులో దొర ఉన్నాడు, ఆయన గుర్రాలున్నాయి, కిటికీ రెక్కల రంగు కూడా ఉంది. ఈ గది లేదు. ఇంజనీరు మాటే మాట్లాడాను. "ఎంతమంది ఉండేవారండీ?"

"ఇరవై ఇద్దరంట."

నా బుర్రలో లెక్క దానంతటదే నడిచింది. ఒక్కో పిల్లకీ ఇంత జాగా అని మాకొక రూలు ఉంటుంది. "లేదండి మేడమ్ గారూ" అన్నాను. "ఈ కొలతకి తొమ్మిది మంది కంటే పట్టరండి."

ఆవిడ టేపు కొస వదల్లేదు. "పట్టేరండి" అన్నారు.

నాకు సిగ్గేసింది. తల దించుకుని టేపు మళ్ళీ పరిచి ఇంకోసారి చదివాను. కొలత అంతే వచ్చింది.